తుంటి విరిగితే మంచమే గతా?



మా వార్డులో ఎన్నో ఏళ్లుగా వింటున్న మాట ఒకటుంది. ఇంట్లో జారిపడిన ముసలమ్మను ఆటోలో తెస్తారు. ఎక్స్-రే తీస్తాం. తుంటి విరిగిందని, ఆపరేషన్ చేయాలని డాక్టరు గారు చెబుతారు. కొడుకులు, అల్లుళ్లు వరండాలోకి వెళ్లి కాసేపు మాట్లాడుకుని వస్తారు. "అమ్మకు డెబ్బై ఐదు దాటినాయి సిస్టరమ్మా. ఈ వయసులో ఆపరేషను యాడ తట్టుకుంటాది? ఇంటికి తీసుకపోతాం. మంచం మీద పెట్టి బాగా చూసుకుంటాం" అంటారు.

ఆ మాటలో ప్రేమ లేదని మేము అనము. తల్లిని కోత పెట్టించడానికి ఏ బిడ్డకూ మనసు రాదు. అయినా మా అభిప్రాయం స్పష్టంగా చెప్పదలచుకున్నాం. తుంటి విరిగిన పెద్దవారి విషయంలో తీసుకునే నిర్ణయాల్లో చాలాసార్లు అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. మంచం మీద ఉంటే విశ్రాంతి అని మీరు అనుకుంటారు. వారి ప్రాణం తీసేది ఎక్కువగా ఆ మంచమే.

మేము డాక్టర్లము కాము, నర్సులము. రాత్రీ పగలూ రోగి పక్కన ఉండి, పక్క మార్చి, పుండు కడిగే పని మాది. విరిగిన ఎముక ఎక్స్-రేలో కనబడుతుంది. ఆ తరువాత మంచం మీద ఏమి జరుగుతుందో మాకు కనబడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

విరిగేది ఎక్కడ?

మన శరీరంలో అన్నిటికంటే పొడవైన ఎముక తొడ ఎముక. దాని పైకొనన బంతిలాంటి తల ఉంటుంది. అది నడుము కింది ఎముకలో ఉన్న గూటిలో కూర్చుని తిరుగుతుంది. ఆ బంతికీ, కింది పొడవాటి భాగానికీ మధ్య సన్నని మెడ ఉంటుంది. వయసు పైబడేకొద్దీ ఎముక లోపల గుల్లబారుతుంది. బహిష్టులు ఆగిపోయిన ఆడవారిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. అలా గుల్లబారిన మెడ గానీ, దానికి కొంచెం కింద ఉన్న భాగం గానీ చిన్న దెబ్బకే విరుగుతుంది. దీనినే తుంటి విరగడం అంటాం.

అందుకు చెట్టు మీద నుంచో, మిద్దె మీద నుంచో పడనక్కరలేదు. రాత్రి ఒంటికి లేచి చీకట్లో గడప తగిలి పడినా చాలు. మన కర్నూలు జిల్లా ఇళ్లలో బేతంచెర్ల బండలు పరచుకుంటాం. ఎండాకాలం అవి చల్లగా హాయిగా ఉంటాయి. స్నానాల గదిలో సబ్బు నీళ్లు పడితే మాత్రం అద్దంలా జారుతాయి. తుంటి విరిగి వచ్చిన అవ్వలను ఎక్కడ పడ్డారమ్మా అని అడిగితే, బాత్రూములోనో, వాకిట్లోనో, మంచం దిగుతూనో అన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

గుర్తులు ఇవి. పడినవారు లేచి నిలబడలేరు. గజ్జలో నొప్పి ఉంటుంది. దెబ్బ తగిలిన కాలు రెండవ కాలి కంటే పొట్టిగా కనబడుతుంది. పాదం బయటి వైపుకు తిరిగి ఉంటుంది. మడమ పక్క మీద నుంచి పైకెత్తమంటే ఎత్తలేరు. అయితే కొందరిలో విరిగిన ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడి, ఒకటి రెండు రోజులు కుంటుతూ నడుస్తారు కూడా. మరికొందరు మోకాలు నొప్పి అంటారు. "నడుస్తాంది గదా, విరగలేదులే" అని నూనె రాసి తోముతారు. అలా తోమితే కదలకుండా ఉన్న ముక్కలు కదిలిపోతాయి. పెద్దవారు పడి తుంటి నొప్పి అంటే నడిచినా సరే, నడవకపోయినా సరే, ఆ రోజే ఎక్స్-రే తీయించాలి.

మంచం ఏమి చేస్తుంది?

తుంటి విరిగి కదలకుండా పడుకున్న మనిషికి ఏమవుతుందో వరుసగా చెబుతాం.

వెల్లకిలా ఒకే తీరున పడుకుంటే నడుము కింద, పిరుదుల మీద, మడమల మీద చర్మానికి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే అక్కడ ఎర్రబడుతుంది. పట్టించుకోకపోతే కొద్ది రోజుల్లో పుండు అవుతుంది. ఆ పుండు ఎముక దాకా దిగడం మేము చూస్తుంటాం. పక్క మార్చాలంటే విరిగిన తుంటి నొప్పి. నొప్పి వల్ల ఆమె పక్క మార్చనివ్వదు. మార్చకపోతే పుండు.

పడుకున్న మనిషి గట్టిగా దగ్గలేదు. కఫం ఛాతీలో నిలిచి న్యుమోనియా వస్తుంది. కాళ్లు ఆడక పిక్కల్లో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. మూత్రం సాఫీగా రాక చీము పడుతుంది. మాటిమాటికీ పక్క తడుస్తుందని, బిడ్డలకు కష్టమని అవ్వ నీళ్లు తాగడం మానేస్తుంది, అన్నం తగ్గిస్తుంది. రాత్రిళ్లు మనుషులను గుర్తు పట్టక ఏదేదో మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్లు "వయసు కదా, మతి తప్పింది" అంటారు. చాలాసార్లు అది నొప్పి వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల వచ్చిన తికమక.

చివరికి చనిపోతే, "తుంటి విరిగి పోయింది" అని ఊళ్లో చెప్పుకుంటారు. విరిగిన ఎముక నేరుగా ప్రాణం తీయడం అరుదు. దాని వెనుక వచ్చిన న్యుమోనియా, పుండ్లు, గడ్డలు తీస్తాయి.

ఆపరేషన్ ముఖ్య ఉద్దేశం ఆ మనిషిని త్వరగా లేపడం. మెడ విరిగితే కొందరికి స్క్రూలు వేస్తారు, కొందరికి విరిగిన బంతి తీసి లోహపు బంతి పెడతారు. కింది భాగం విరిగితే రాడ్డు గానీ, ప్లేటు గానీ వేస్తారు. ఎముక ఎప్పుడు అతుక్కుంటుందా అని మూడు నెలలు పడుకుని చూడనక్కర లేకుండా, చాలామందిని ఆపరేషన్ మర్నాడే పట్టుకుని నిలబెట్టవచ్చు. ఆస్పత్రికి వచ్చిన రోజు గానీ, ఆ మర్నాడు గానీ ఆపరేషన్ జరగాలని, చేసిన మర్నాటి నుంచే నడిపించడం మొదలు పెట్టాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2011 నుంచి చెబుతున్నాయి. ఇక్కడి మన డాక్టర్లు చెప్పేదీ అదే. వారం రోజులు ఇంట్లో ఆలోచించి, ఛాతీలో కఫం, నడుము మీద పుండుతో తెచ్చిన మనిషికి ఆపరేషన్ చేయడం ఎవరికైనా కష్టమే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తుంటి విరగడం చిన్న జబ్బు కాదు. మంచి వైద్యం దొరికే దేశాల్లో కూడా, తుంటి విరిగిన పెద్దవారిలో సుమారు నలుగురిలో ఒకరు ఏడాది లోపల చనిపోతున్నారు. బతికినవారిలో చాలామంది మునుపటంత చురుకుగా నడవలేరు. ఆపరేషన్ చేస్తే అందరూ లేచి పరుగెత్తుతారని మేము మాట ఇవ్వము. చేయకుండా పడుకోబెడితే ప్రాణాపాయం ఇంతకంటే ఎక్కువని మాత్రం గట్టిగా చెబుతాం. గుండె, ఊపిరితిత్తులు బొత్తిగా పాడై మత్తు ఇవ్వలేనివారు కొద్దిమంది ఉంటారు. పడకముందే ఏ మాత్రం నడవలేనివారూ ఉంటారు. వారి సంగతి డాక్టర్లే తేలుస్తారు. అలాంటివారికి కూడా నొప్పి తగ్గించి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్క మార్చే సేవ ఉంది. ఏమీ చేయకుండా వదిలేయడం ఎవరికీ తగదు.

మేము వినే నాలుగు మాటలు

మొదటి మాట, వయసైపోయింది. ఆపరేషన్ తట్టుకోవడం అన్నది ఒక్క వయసును బట్టి తేలదు. గుండె, ఊపిరి, మూత్రపిండాలు, షుగరు, రక్తం ఎంత ఉంది అన్నవి చూస్తారు. చాలామందికి నడుములో మత్తు సూది వేసి చేస్తారు. ఎనభై దాటినవారు కూడా ఆపరేషన్ తరువాత వాకర్ పట్టుకుని ఇంటికి వెళుతున్నారు. వచ్చేటప్పుడు వారు వాడే బి.పి., షుగరు, గుండె మాత్రల కవర్లన్నీ వెంట తీసుకురండి. ముఖ్యంగా రక్తం పలచబడే మాత్ర ఏదైనా వేసుకుంటుంటే మొదటే చెప్పండి.

రెండవ మాట, డబ్బు లేదు. ఇది తోసిపుచ్చే మాట కాదు. వానల మీద ఆధారపడిన సేద్యం మనది. ఒక పంట పోతే ఏడాది అప్పు. అయితే దారులు ఉన్నాయి. మన కర్నూలు వైద్య కళాశాల 1957లో మొదలైంది. దానికి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తోంది. డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది. మీ రోగికి, మీ విరుపుకు ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని పథకం కౌంటరులో మొదటి గంటలోనే అడగండి. రేషను కార్డు, ఆధారు కార్డు దగ్గర పెట్టుకోండి. మంచం మీద పెట్టుకుంటే ఖర్చు ఉండదని అనుకోవడమూ సరికాదు. పుండ్లకు మందులు, సూదులు, ఒక మనిషి కూలి మానుకుని ఇంట్లో ఉండటం, ఇవన్నీ ఖర్చులే.

మూడవ మాట, పుత్తూరు కట్టు. ఈ మాట కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాం. తిరుపతి దగ్గర పుత్తూరు పక్కనున్న రాచపాళెంలో రాజుల కుటుంబాలు వందేళ్లకు పైగా ఎముకలకు కట్టు కడుతున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు, గుడ్డతో కట్టే ఆ కట్టు పేరు దక్షిణాది అంతటా తెలుసు. దాని పేరు చెప్పి కట్లు కట్టేవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. ముక్కలు పక్కకు జరగని చెయ్యి విరుపు కొన్ని కట్టుతో అతుక్కుంటాయి. మా ఆస్పత్రిలో వేసే పిండికట్టు పని కూడా అదే, విరిగినచోట కదలకుండా పట్టి ఉంచడం. కనుక ఆ విద్యను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే తుంటి లోతుగా ఉంటుంది. చుట్టూ తొడ కండలు బలంగా లాగుతుంటాయి. పైన ఎంత గట్టిగా కట్టు కట్టినా, లోపల ముక్కలు లాగుకుపోకుండా అది పట్టలేదు. పైగా ఎముక మెడ విరిగినప్పుడు బంతికి రక్తం తెచ్చే సన్నని నాళాలు తెగుతాయి. రక్తం అందని ఎముక ఏ పసరుకూ అతకదు. అందుకే తుంటికి, తొడకు, వెన్నెముకకు కట్టు వైద్యం తగదని మేము అంటాం. ఎవరు కట్టినా ఇంతే, ఏ ఊళ్లో కట్టినా ఇంతే.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేస్తాం. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు ఉండేవాడు. 1834లో పుట్టి 1891లో చనిపోయాడు. ఆయన వేల్సు దేశంలో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టినవాడే. తండ్రి కట్టు కట్టేవాడు. కొడుకు ఆ చేతి పని నేర్చుకుని, వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యాడు. ఆయన చేసిన థామస్ స్ప్లింటు అనే ఇనుప చట్రాన్ని, తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ విరిగిన సైనికులకు వాడారు. అంతకు ముందు తొడకు తూటా తగిలి ఎముక విరిగినవారిలో పదిమందికి ఎనిమిదిమంది దాకా చనిపోయేవారని, ఆ చట్రం వాడాక అది ఇద్దరికి తగ్గిందని వైద్య చరిత్రలో చెబుతారు. కట్టు కట్టే ఇంటి నుంచే అంత మేలు వచ్చింది. తండ్రి విద్యను గౌరవిస్తూనే ఆయన అక్కడితో ఆగలేదు. మనమూ అలాగే ఉండాలని మా కోరిక.

నాలుగవ మాట, చూసుకునేవారు లేరు. ఆపరేషన్ చేయిస్తే నెల రోజులు ఎవరో ఒకరు ఉండాలి, నిజమే. చేయించకపోతే ఎన్నాళ్లు ఉండాలో ఎవరూ చెప్పలేరు. వాకర్ పట్టుకుని బాత్రూముకు తానే వెళ్లగలిగే అవ్వకూ, మంచంలోనే అన్నీ అయ్యే అవ్వకూ చేసే సేవలో ఎంత తేడా ఉంటుందో ఇంటి కోడళ్లను అడగండి.

ఈ నాలుగు మాటల వెనుక మాకు కనబడే బాధ మరొకటి ఉంది. వరండాలో కొడుకులు మాట్లాడతారు, అల్లుళ్లు మాట్లాడతారు, ఊరి పెద్ద ఫోనులో సలహా ఇస్తాడు. మంచం మీద ఉన్న అవ్వను మాత్రం ఎవరూ అడగరు. ఆమెకు చెవులు వినబడతాయి, తెలివి ఉంది. జీవితమంతా కలుపు తీసి, నీళ్లు మోసి, బిడ్డలను పెంచిన కాళ్లు ఆమెవి. ఆ కాళ్ల మీద మళ్లీ నిలబడాలని ఉందా లేదా అన్నది ఆమెను అడగాలి. చాలామంది "బిడ్డలకు ఖర్చు వద్దులే తల్లీ" అంటారు. అది ఆమె కోరికా, భయమా అన్నది కూర్చుని నిదానంగా తెలుసుకోవాలి. తాతకు విరిగితే ఆ పూటే కర్నూలుకు తీసుకుపోయే ఇళ్లలో, అవ్వకు విరిగితే రెండు రోజులు చూద్దాం అనడం మా కంట పడుతూనే ఉంది. ఇది క్రైస్తవ కుటుంబాలకు తగదని చెప్పడానికి మేము మొహమాటపడము.

పడుచువారి తొడ ఎముక

పెద్దవారికి ఇంట్లో విరిగితే, పడుచువారికి రోడ్డు మీద విరుగుతుంది. మన కల్లూరు పక్క నుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. మోటారు సైకిళ్లు, మనుషులతో కిక్కిరిసిన ఆటోలు, కూలీలను ఎక్కించుకున్న ట్రాక్టరు ట్రాలీలు అన్నీ ఆ దారినే. బలమైన తొడ ఎముక నడిమికి విరిగిందంటే దెబ్బ చాలా పెద్దదని అర్థం. బయటికి చుక్క రక్తం కారకపోయినా, తొడ లోపలే లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం పోవచ్చు. అందుకే ఆ రోగి చెమటలు పట్టి, చల్లబడి, నీరసిస్తాడు. "కాలే కదా విరిగింది" అని కట్లు కట్టేవారి దగ్గరికి తిప్పుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలైంది. ముందు 108కి ఫోను చేయండి. వచ్చేలోపల విరిగిన కాలిని మంచి కాలికి ఆనించి, మధ్యలో దుప్పటి మడత పెట్టి, రెండు కాళ్లనూ కలిపి గుడ్డలతో మెల్లగా కట్టండి. కాలు లాగి సరిచేయబోవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఆపరేషన్ అవసరం పడవచ్చు కనుక తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు.

పూర్వం తొడ విరిగితే కాలికి బరువులు వేలాడదీసి మూడు నెలలు పడుకోబెట్టేవారు. జర్మనీలో కూంచర్ అనే వైద్యుడు ఎముక లోపలి గొట్టంలో పొడవాటి రాడ్డు వేసే పద్ధతిని 1939లో మొదలుపెట్టాడు. ఈనాడు మన దగ్గర వేసే రాడ్లు దాని నుంచి వచ్చినవే. పడుచు మనిషి త్వరగా లేచి కూలికి పోవాలని ఆపరేషన్‌కు అందరూ వెంటనే ఒప్పుకుంటారు. అదే న్యాయం అవ్వకూ ఉండాలన్నదే మా వాదన.

వెన్నెముక విరిగినప్పుడు

చింతచెట్టు ఎక్కి కాయలు రాలుస్తూ పడినవారు, కడుతున్న మిద్దె మీద నుంచి పడిన బేల్దారులు, బావిలో పడినవారు, గనుల్లో బండ మీద పడినవారు మా దగ్గరికి వస్తుంటారు. అలా పడినవారిని ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టి ఊయలలా ఎత్తి ఆటోలో కుదించి తెస్తారు. సహాయం చేయాలనే తొందరే అది. కానీ వెన్నుపూసల మధ్యలో వెన్నుపాము ఉంటుంది. పూస విరిగినా వెన్నుపాము బాగానే ఉన్న మనిషికి, ఇలా వంచి ఎత్తడం వల్ల కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు.

పడినవారిని లేపి కూర్చోబెట్టవద్దు, నీళ్లు తాగించవద్దు. కాళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఉందా అని అడగండి. 108 వచ్చేదాకా తలను అటూ ఇటూ తిరగకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోండి. కదపక తప్పకపోతే నలుగురు కలిసి తల, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉండేలా దుంగను దొర్లించినట్లు దొర్లించి, వెడల్పు పలక మీదికో, ఊడదీసిన తలుపు మీదికో చేర్చండి.

కాళ్లు పడిపోయినవారి ఇంట్లో కూడా "ఇక మంచమే" అన్న మాట వింటాం. వెల్లూరు సి.ఎం.సి.కి మన రాయలసీమ నుంచి ఎందరో వెళుతుంటారు. అక్కడ డాక్టర్ మేరీ వర్ఘీస్ అనే యువ వైద్యురాలికి 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని రెండు కాళ్లూ పడిపోయాయి. ఆమె మంచానికే పరిమితం కాలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత అమెరికా వెళ్లి, దెబ్బతిన్నవారిని మళ్లీ జీవితంలో నిలబెట్టే వైద్యం చదువుకుని వచ్చారు. 1966లో వెల్లూరులో అలాంటివారి కోసం పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1986లో ప్రభువునందు నిద్రించారు. కాళ్లు తిరిగి రాకపోయినా మనిషి లేచి పని చేయగలడని ఆమె జీవితం చూపింది.

అలాంటివారు ఇంట్లో ఉంటే రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. రోజూ అద్దం పెట్టి నడుము కింద చర్మం చూడాలి. స్పర్శ ఉండదు గనుక వేడి నీళ్ల సంచి పెట్టవద్దు, కాలుతుంది. మూత్రపు పైపు సంగతి నర్సు దగ్గర నేర్చుకోవాలి.

పడకుండానే వచ్చే నడుము నొప్పి అంతా వయసు నొప్పి కాదని కూడా గుర్తుంచుకోండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో ఒకేచోట నొప్పి ఉంటే అది వెన్నెముక క్షయ కావచ్చు. మందులతో నయమవుతుంది. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైనా వెన్ను బిగుసుకుపోతుంది. ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వివరించారు. కాళ్లలో బలం తగ్గినా, ఒంటికి రావడం ఆగినా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు.

ఇంట్లో చేయవలసినవి

రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. బాత్రూములో బండల మీద గరుకు పట్ట వేసి, గోడకు ఇనుప పిడి పెట్టించండి. పెద్దవారి మంచం మరీ ఎత్తుగానూ, కుక్కిగానూ ఉండకూడదు. కళ్లకు శుక్లాలు ఉంటే తీయించండి. కనబడకపోతే పడతారు.

ఎండకు కొదువ లేని సీమ మనది. అయినా తిరుపతి స్విమ్స్ వైద్యులు 2000 తరువాతి సంవత్సరాల్లో చేసిన పరిశీలనల్లో, ఆ చుట్టుపక్కల ఆరోగ్యంగా కనబడేవారిలో కూడా చాలామందికి విటమిన్ డి తక్కువగా ఉందని, తిండిలో కాల్షియం చాలదని తేలింది. కనుక రోజూ కాసేపు ఎండలో నడవండి. మన రాగి సంగటిని వదలవద్దు. పాలు, పెరుగు, గుడ్డు, నువ్వులు, మునగాకు పెద్దవారికి కూడా పెట్టండి. కీళ్ల నొప్పులకని పేరు తెలియని మాత్రలు నెలల తరబడి మింగవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎముకలు గుల్లబారతాయి. అలాగని వేసుకుంటున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపవద్దు, డాక్టరుకు చూపించండి. ఒకసారి తుంటి విరిగినవారికి రెండవ వైపు కూడా విరిగే భయం ఎక్కువ. ఎముక బలానికి మందులు ఉన్నాయి. కుట్లు తీసిన రోజే ఆ మందుల సంగతి అడగండి.

సంఘానికి మా మనవి

రెండవ సమూయేలు గ్రంథంలో మెఫీబోషెతు సంగతి మీకు తెలిసిందే. అతనికి ఐదేళ్లప్పుడు దాది ఎత్తుకుని పారిపోతుంటే పడి కాళ్లు రెండూ కుంటివయ్యాయి. దాది అంటే ఈనాటి మా వంటిదే కనుక ఆ భాగం చదివినప్పుడల్లా మేము ఆగి ఆలోచిస్తాం. పెద్దయ్యాక దావీదు రాజు అతన్ని పిలిపించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అతని కాళ్లు బాగయ్యాయని అక్కడ రాయలేదు. బల్ల దగ్గర చోటు దొరికిందని మాత్రం ఉంది.

మన సంఘాల్లో ఎవరైనా మంచాన పడితే పాస్టరు గారితో కలిసి వెళ్లి ప్రార్థన చేసి వస్తాం. అది మానవద్దు. దానితోపాటు మరికొన్ని చేయమని కోరుతున్నాం. స్త్రీల సమాజం రెండు వాకర్లు, ఒక చక్రాల కుర్చీ కొని గుడిలో ఉంచితే, అవసరమైన ఇంటికి ఇచ్చి మళ్లీ తెచ్చుకోవచ్చు. గుడి మెట్ల పక్కన ఏటవాలు దారి, ఒక పిడి కట్టిస్తే కాలు విరిగినవారు కూడా ఆదివారం ఆరాధనకు రాగలరు. యవ్వనస్థులు వంతులు వేసుకుని సాయంత్రం అరగంట ఆ అవ్వను నడిపించవచ్చు. వరండాలో కుటుంబం ఆలోచించే సమయానికి సంఘ పెద్ద ఒకరు అక్కడ ఉండి, "ముందు అవ్వను అడుగుదాం, రేపటికి వాయిదా వేయవద్దు" అని చెప్పగలిగితే, అది చాలా మందులకంటే ఎక్కువ పని చేస్తుంది.

మీ ఇంట్లో పెద్దవారు పడి లేవలేకపోతే ఆ రోజే తీసుకురండి. సందేహం ఉన్నా తీసుకురండి. మా చేత కానిదైతే ఎక్కడికి పంపాలో మేము చెబుతాం. మీ పెద్దలు మళ్లీ తమ కాళ్ల మీద మీ వాకిట్లో తిరిగేలా దేవుడు కృప చూపును గాక.